చెవి వెనక ఒకటి

నా జుట్టు నేనే కత్తిరించుకుంటాను. పొద్దంతా బీడీల ఆకు కోసే చేతికి జడ కొస ఒక లెక్కా? జడను భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని, చిట్లిన కొసలను రెండు వేళ్ళ మధ్య బిగబట్టి ఒక్కసారి కత్తెర ఆడిస్తే అయిపోయేది. మొన్న శనివారం మాత్రం వెనక సమంగా వచ్చిందో లేదో చూసుకోవాలనిపించింది. గోడ అద్దానికి వీపు పెట్టి నిలబడి చేతిలో ఆటో అద్దం పట్టుకున్నాను. ఇనుప కాడ ఉన్న పాత ఆటో అద్దం అది. ఒక మూల పగులు పట్టింది. అందులో నా వీపు, మెడ, జడ కొస కనబడ్డాయి. కనబడగానే నోట్లోంచి ఒక మాట దానంతటదే వచ్చింది.

"ఎట్లుంది?"

ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నా ఆ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు వాళ్ళకు తెలియదు. ఆ మాటా నాది కాదు, ఆ అద్దమూ నాది కాదు. రెండూ నేను కాకా అని పిలిచిన పక్కింటి పెద్దాయనవి.

ఆయన పేరు రాయను. బతికున్నప్పుడు ఎవరైనా పేరు అడిగితే "ఆటో ఎన్క రాసున్నది, సదువుకో" అనేవాడు. ఆటో వెనక రాసి ఉన్నది కోరుట్లలో కాపురం చేస్తున్న ఆయన బిడ్డ పేరు. అడిగినవాళ్ళు ఆ ఆడపిల్ల పేరు చదివి తెల్లముఖం వేస్తే కాకకు పండగ.

ఆయన సిరిసిల్ల నుంచి ముస్తాబాద్ దాకా ఆటో నడిపేవాడు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు దారి పొడుగునా కనబడేది ఆయన మెడే. ఖాకీ చొక్కా కాలరుకు కాస్త పైన, దారం పట్టి గీసినట్టు ఒక గీత. ఆ గీత నుంచి పైకి పోయినకొద్దీ మెల్లగా ఒత్తు పెరిగే జుట్టు. కుడి చెవి దగ్గర ఎంతుందో ఎడమ చెవి దగ్గరా అంతే. దాన్ని చూసీ చూసీ ఎవరో ఒకరు అడగకుండా ఉండలేకపోయేవారు. ఒకసారి నేనూ ఆటోలో ఉన్నాను. ముస్తాబాద్ పోయే ఒక పిలగాడు అడిగాడు.

"ఏ సెలూన్ల కొట్టించినవే కాకా?"

"మా ఇంట్ల."

"ఇంట్ల ఎవలు కొట్టిండ్రు?"

"నేనే."

"ఎన్క కూడనా?"

"ఎన్క నాది కాదా మరి?"

ఆటో అంతా నవ్వింది. కాక మాత్రం నవ్వలేదు. మెడ ఇంకొంచెం నిటారుగా పెట్టి నడిపాడు.

శనివారం శనివారం ఇంటి ముందు ఆ పని జరిగేది. ఆదివారం పొద్దున చర్చిలో పాట ఎత్తేది ఆయనే కాబట్టి ఆ లోపల తల చక్కబడాలి. గోడకు మేకు కొట్టి పెద్ద అద్దం తగిలించేవాడు. దానికి ఎదురుగా, రేకుల కప్పు నుంచి తీగతో ఆటో అద్దం వేలాడదీసేవాడు. రెండింటి మధ్య ముక్కాలి పీట వేసుకుని, మెడ చుట్టూ పాత లుంగీ కట్టుకుని కూర్చునేవాడు. ముందున్న అద్దంలోకి చూస్తే వెనక అద్దం కనబడుతుంది. అందులో మెడ కనబడుతుంది. దువ్వెన ఎడమ చేత, కత్తెర కుడి చేత. ఆ కత్తెర, మస్కట్ నుంచి తెచ్చిన పాలపొడి డబ్బాలో గుడ్డలో చుట్టి ఉండేది. దాన్ని ఇంకెవరూ ముట్టడానికి లేదు. ఒకసారి చిన్నమ్మ, అంటే ఆయన భార్య, తన బీడీల కత్తెర కనబడక దాంతో నాలుగు ఆకులు కోసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదట. "మాట్లాడకుంటె ఇల్లంత సల్లగుండె" అని చిన్నమ్మ నాతో చెప్పి నవ్వింది.

నేనూ చిన్నమ్మా ఎదురుగా గద్దె అరుగు మీద, ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. కాక పని మొదలుపెడితే అటు కత్తెర చప్పుడు, ఇటు మా కత్తెర్ల చప్పుడు. మధ్యలో రేపు చర్చిలో ఎత్తబోయే పాటను ముక్కుతో అనుకుంటూ ఉండేవాడు. అంతా అయినాక మెడ మీద రెండు దెబ్బలు కొట్టుకుని, లుంగీ దులిపి, మా వైపు తిరిగి అడిగేవాడు.

"ఎట్లుంది?"

చిన్నమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే చెప్పేది.

"చెవెన్క ఒకటి మిగిలింది."

కాక ఉలిక్కిపడి మళ్ళీ పీట మీద కూర్చునేవాడు. "ఏ చెవి?"

"కుడి చెవి."

చెవి మడిచి, అద్దంలోకి కళ్ళు చిట్లించి, కస్ మని ఒక్క కోత. "ఇప్పుడు?"

"ఆఁ. ఇప్పుడు మనిషివైనవ్."

మేము ఆ ఇంటి పక్కకు కిరాయికి వచ్చిన మొదటి శనివారం నుంచీ ఇదే మాట. ఆమె ఒక్కసారైనా తల ఎత్తి చూసింది లేదు. ఆయన ఒక్కసారైనా వెనక్కి పోయి కూర్చోకుండా ఉన్నది లేదు. పాపం, ఇన్నేళ్ళుగా ఈయనకు ఈ పరాచికం అర్థం కావడం లేదే అని నేను జాలిపడేదాన్ని.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. చదువు ఏడో తరగతితో ఆగింది. పెళ్ళై సిరిసిల్ల వచ్చాక, బీడీల కార్ఖానాకు పోయి వస్తూ ఒకనాడు వానకు గ్రంథాలయం మెట్లెక్కాను. వాన తగ్గింది కానీ నేను దిగలేదు. ఇప్పటికి కథల బీరువా పూర్తిచేశాను. సైన్సు బీరువా సగానికి పైగా అయింది. గ్రంథాలయంలో పనిచేసే సారు కొత్త పుస్తకం వస్తే నా కోసం పక్కన పెడతాడు. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బుతుంది. మా ఆయన సాంచాల మీద పనిచేస్తాడు. మగ్గాల చప్పుడు విని విని ఇంటికొస్తే ఆయనకు నిశ్శబ్దం కావాలి. కాబట్టి నేను చదివిందంతా కాకకే.

ఒకసారి అద్దాల పాఠం చదివి వచ్చి చెప్పాను. "కాకా, అద్దం ఎడమను కుడి చేస్తదట, కుడిని ఎడమ చేస్తదట. అందుకే నీకు ఎన్క కోసుకునుడు కష్టం."

ఆయన కత్తెర ఆపి అద్దంలోకి చాలాసేపు చూశాడు. తల ఆడించాడు. చెయ్యి ఎత్తి దించాడు.

"ఎడుమ కుడి మారిస్తె, మీదిది కిందికి ఎందుకు మార్చది బిడ్డా? నా తల కింద, కాళ్ళు మీద కనబడాలె కద?"

మళ్ళీ పోయి వెతికాను. పుస్తకంలో లేదు. గ్రంథాలయం సారును అడిగితే ఆయనా తల గోక్కున్నాడు. అప్పటినుంచి నేను గేటు తీసుకుని వస్తుంటే చాలు, కాక పలకరింపు ఒకటే: "ఏమాయె, దొరికిందా?" చిన్నమ్మ అందుకునేది: "దొరుకుతది తియ్యి. దానికి బీరువలున్నయ్, నీకు అద్దాలున్నయ్. ఇద్దరు ఒక్క తీరే ఉన్నరు."

మా వీధి మలుపులో ఒక సెలూన్ తెరిచారు. తిరిగే కుర్చీలు, గోడ నిండా అద్దాలు, రంగురంగుల లైట్లు. దాని యజమాని కాక సొంత ఊరివాడే. ఎల్లారెడ్డిపేట దిక్కు ఊరు. ఆ ఊళ్ళో తరతరాలుగా క్షౌరం చేసిన పెద్దాయన కొడుకు. ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాద తెలిసినవాడు. కాక రోజూ ఆటో పక్కకు పెట్టి, ఆ సెలూన్ ముందు బల్ల మీద కూర్చుని అతనితో చాయ్ తాగేవాడు. పేపరు చదివించుకునేవాడు. బల్ల దాటి లోపలికి మాత్రం పోలేదు.

"ఒక్కపారన్న కూసో కాకా. పైసలద్దు ఏమద్దు. ఈ కుర్చీ సుట్టు తిరుగుతది సూడు."

"అద్దు కొడుకా. నీ దుకాన్ల ఇన్ని అద్దాలున్నయ్, ఏ అద్దంల ఉన్నది నేనో నాకు తెల్వకుంటె ఎట్ల?"

ఇట్లా ఏదో ఒకటి చెప్పి దాటవేసేవాడు. అది పిసినారితనం అనుకున్నవాళ్ళున్నారు. షోకు అనుకున్నవాళ్ళున్నారు. అసలు సంగతి నాకు ఒక వాననాడు తెలిసింది. గ్రంథాలయం నుంచి నన్ను ఆటోలో ఇంటికి తెస్తూ, అడగకుండానే తనే చెప్పాడు. ఆరోజు సెలూన్ అతను మరీ బతిమాలినట్టున్నాడు.

"నేను సిన్నగున్నప్పుడు మా బాపు నన్ను కటింగ్‌కు తోల్కపోయిండు. అరుగు కింద అందరు వరుసల కూసున్నరు. మేం గుడ కూసున్నం. నా వంతు అచ్చింది. ఆయన నా దిక్కు సూసిండు, అరుగు మీద కూసున్న పెద్దోల్ల దిక్కు సూసిండు. నా తల మీద పెట్టిన చెయ్యి ఎన్కకు తీసిండు. 'మీ వాడోల్లకు నేను చెయ్య బాపూ, మీరే కోసుకోవాలె' అన్నడు. గంతే. తిట్టలే, కొట్టలే. మా బాపు లేవుమన్నడు, లేసిన."

"మరి?"

"మరేంది? గొర్ల బొచ్చు గొరిగే కత్తెర ఉంటది సూడు, ఎవలనో అడిగి తెచ్చి మా బాపు కోసిండు. మెట్లు మెట్లు. బడికి పోతె పిలగాండ్లంత నా తలకాయ ఎక్కుతమని ఒకటే నవ్వుడు." ఆయన కూడా నవ్వాడు. "గానాటి సంది నా తల నేనే కోసుకుంటున్న. మొదట్ల మంచిగ రాకపోతుండె. తర్వాత అచ్చింది."

"ఆ పెద్దాయన మీద కోపం రాలేదా కాకా?"

"ఆయన మీద ఎందుకు? నన్ను ముడితె ఊరోల్లు ఆయనకు ఏడాదికిచ్చే గింజలు ఆపుదురు. ఆయనకు గుడ పిల్లలుండిరి. ఈ పిలగాడు అప్పటికింక పుట్టలే." వైపర్ అరిగిపోయిన గాజును చేత్తో తుడిచాడు. "కోపం కాదు బిడ్డా. నా తల మీద పెట్టిన చెయ్యి ఎన్కకు తీసుడు నేను ఒక్కసారి సూసిన. మల్ల సూడద్దనుకున్న. చెయ్యే పెట్టనియ్యకుంటె, తీసుడెక్కడిది?"

మస్కట్‌లో కూలికి ఉన్న కొన్నేళ్ళలో మాత్రం ఆ చేతికి వేరే పని పడింది. శుక్రవారాలు సెలవు. క్యాంపులో ఉన్నవాళ్ళంతా మన దిక్కువాళ్ళే. ఇబ్రహీంపట్నం రైతుల పిల్లలు, కోరుట్లవాళ్ళు, ముస్తాబాద్‌వాళ్ళు. ఈయన తల చూసి, మాకూ చెయ్యమని వెంటపడ్డారు. ఆయన ఇతరుల తల నేరుగా చూసి కోయలేకపోయాడట. నేర్చుకున్నదంతా అద్దంలో కదా! కాబట్టి వాళ్ళను అద్దం ముందు కూర్చోబెట్టి, తాను వెనక నిలబడి, తలను కాకుండా అద్దాన్ని చూస్తూ కోసేవాడు. "మొదలు నా ముంగట తల వంచింది ఒక పటేలు కొడుకు. వంచి, 'జల్ది కానియ్యు మామా' అన్నడు. నాకు చెయ్యి ఆడలే. ఊర్ల ఆల్ల ఇంటి ముంగట నేను చెప్పులు చేత పట్టుకొని నడిసిన. ఆడ ఆని తల నా చేతుల ఉన్నది." ఏం చేశావని అడిగాను. "ఏం జేస్త? మంచిగ కోసిన. ఆని జుట్టు ఏం పాపం జేసింది?"

రెండేళ్ళ కింద ఎండాకాలం, కోరుట్లకు బిడ్డ దగ్గరికి పోయి అక్కడే కూలిపోయాడు. జగిత్యాల ఆసుపత్రిలో పెట్టారు. పక్షవాతం. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి పడిపోయింది. మూతి కొంచెం ఒక పక్కకు జరిగింది. ఇంటికి తెచ్చినప్పుడు చిన్నమ్మ నాతో అన్న మొదటి మాట ఆరోగ్యం గురించి కాదు.

"జుట్టెట్ల బిడ్డా ఇగ?"

జుట్టు ఆగదు కదా. చెవుల మీదికి వచ్చింది, కాలరు మీదికి వచ్చింది. ఆయన ఉన్నిటోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కాళ్ళు మాడే ఎండలో కూడా తలకు ఉన్నిటోపీ! కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగినా గేటు దాటలేదు. చర్చికి పోవడం మానేశాడు. ఆదివారం పొద్దున చర్చిలో ఎవరో గొంతు పెకలించుకుని పాట ఎత్తడం, అది సగంలో తప్పడం మా ఇళ్ళకు వినబడేది. అప్పుడు ఆయన టోపీని చెవుల మీదికి ఇంకా లాక్కునేవాడు.

సెలూన్ అతను పెట్టె పట్టుకుని ఇంటికే వచ్చాడు. "కుర్చీ తేలే కాకా. నేనే అచ్చిన. నీ పీట మీదనే కూసో."

"అచ్చినవ్, సంతోషం. చాయ్ తాగిపో."

"నీకు మా బాపు మీద..."

"కోపముంటె నీ తోటి చాయ్ తాగుదునా కొడుకా? మనిషికి ఒక్క పంతమన్న ఉంటది. ఆటో పాయె, చెయ్యి పాయె. అదొక్కటి ఉండని."

అతను చాయ్ తాగి, పెట్టె తెరవకుండానే వెళ్ళిపోయాడు.

ఆ శనివారం కాక తనే ప్రయత్నం చేశాడు, ఎడమ చేత్తో. మేము బీడీలు చుట్టడం ఆపి గద్దె మీద నుంచి చూశాం. దువ్వెన పట్టడానికి ఇంకో చెయ్యి లేదు. రెండు కోతలకే చెవి పైన ఒక గుంట పడింది. కత్తెర కింద పెట్టి, మళ్ళీ టోపీ వేసుకున్నాడు. చిన్నమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"ఇటు తే. నేను కోస్త."

"నువ్వు కోస్తె 'మిగిలింది' అని చెప్పెటోల్లెవరు? కోసుడు నీదే, సూసుడు నీదేనా?"

ఆమె ఇంట్లోకి పోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువగా వినిపించింది. కాక నా వైపు చూశాడు. నా చేతిలోని బీడీల కత్తెర వైపు చూశాడు.

"బిడ్డా, గది కింద పెట్టి ఇటు రా. నా డబ్బల కత్తెర ఉంటది, తీస్కో."

నేను నమ్మలేక నిలబడ్డాను.

"ఏం లేదు. ఇప్పటి సంది నువ్వు నా కుడిచెయ్యివి. కోసేది నేనే. నువ్వు చెయ్యివి, గంతే. చెయ్యి మాట్లాడుతదా?"

"మాట్లాడదు కాకా."

"మరి గదేంది, మాట్లాడుతున్నవ్?"

నోరు మూసుకుని వెనక నిలబడ్డాను. టోపీ ఆయనే తీశాడు. జుట్టు మెత్తగా ఉంది, చెమటకు తడిసి ఉంది. నా వేళ్ళు తగలగానే ఆయన మెడ ఒక్కసారి బిగుసుకుంది. నేను చెయ్యి తీయలేదు. కొంతసేపటికి ఆ మెడ మెల్లగా సడలింది.

"తలను సూడకు. అద్దంల సూడు. నా లెక్క."

అద్దంలో చూస్తూ కోయడం మొదలుపెట్టాను. ముందుకు పోవాలనుకుంటే చెయ్యి వెనక్కి వచ్చేది. నా కత్తెరకు తెలిసిందల్లా బీడీ ఆకు. రేకు ముక్కను కొలతగా పెట్టి నాలుగు దిక్కులా సూటిగా కోయడం. కాసేపట్లో కాక వెనక తల డబ్బా మూతలాగా తయారైంది.

"అరే, తల గుండ్రముంటది బిడ్డా! నువ్వు మూలలు పెడుతున్నవ్. కొంచెమైతె దారం కట్టి కార్ఖానాల ఏస్తవేమో."

నాకు నవ్వు ఆగలేదు. చెయ్యి నవ్వకూడదని ఆయన చెప్పలేదు కాబట్టి గట్టిగానే నవ్వాను. ఆయన భుజాలు కూడా కదిలాయి. ఆ తర్వాత ఆయన ఎడమ చేత్తో గాలిలో చూపించినట్టల్లా, దువ్వెన వాల్చి, మూలలు విరిచి, మెల్లగా గీత దాకా వచ్చాం. పాత గీత అంత సూటిగా రాలేదు, అయినా గీతే. అప్పుడు ఆయన తానే మెడ మీద రెండు దెబ్బలు కొట్టుకుని, వంటింటి వైపు కేకేశాడు.

"ఎట్లుంది?"

గిన్నెల చప్పుడు ఆగింది. లోపల్నుంచి, బయటకు రాకుండానే చిన్నమ్మ గొంతు వచ్చింది.

"చెవెన్క ఒకటి మిగిలింది!"

నేను కుడి చెవి మడిచి చూశాను. ఎడమ చెవి మడిచి చూశాను.

"ఏం లేదు కాకా. చిన్నమ్మ ఊకెనే అంటది. ఎప్పుడు సూడదు గుడ."

"నాకెర్కలేదా?" అన్నాడు కాక. అద్దంలో నా కళ్ళలోకి చూస్తూ, ఒక పక్కకు జరిగిన మూతితోనే నవ్వాడు. "ఆమె ఉన్నదంటె ఉన్నట్టే. కొయ్యి."

కోశాను. గాలిని.

"ఇప్పుడు?"

"ఆఁ. ఇప్పుడు మనిషివైనవ్."

అంటే ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసు. తెలిసీ ప్రతి శనివారం ఉలిక్కిపడి, వెనక్కి పోయి కూర్చున్నాడు. జాలిపడాల్సింది ఆయన మీద కాదని ఆరోజు అర్థమైంది.

మర్నాడు టోపీ లేకుండా గేటు దాటాడు. ఒక పక్క కర్ర, ఒక పక్క చిన్నమ్మ. మలుపు దగ్గర సెలూన్ అతను షట్టరు ఎత్తుతున్నవాడల్లా ఆగిపోయి చూశాడు. వెనక నుంచి ఆ మెడనూ, కొంచెం వంకర పోయిన ఆ గీతనూ చూశాడు. తర్వాత గట్టిగా అడిగాడు.

"ఏ సెలూన్ల కాకా?"

కాక వెనక్కి తిరగలేదు.

"మా ఇంట్ల!"

ఆ పూట చర్చిలో పాట ఎత్తింది ఆయనే అట. సగం మాటలు మూతిలోనే ఆగిపోయినా, రాగం తప్పలేదని, మిగతాది అందరూ అందుకున్నారని చిన్నమ్మ చెప్పింది.

ఆ తర్వాత శనివారాలు మా ముగ్గురివి. నేను చేయిగా కుదురుకున్నాను. మూలలు పెట్టడం మానేశాను. అద్దం ప్రశ్నకు కూడా జవాబు దొరికింది, సైన్సు బీరువాలో అడుగు వరుసలో. అద్దం ఎడమను కుడి చేయదు. కుడి కుడి వైపే ఉంటుంది. అది మార్చేది ముందును వెనకకు, వెనకను ముందుకు. చెయ్యి మాట్లాడకూడదు కాబట్టి కటింగ్ అయ్యేదాకా ఆగి చెప్పాను. కాక అద్దం ముందు ఎడమ చెయ్యి ఎత్తి దించి చూసుకున్నాడు.

"గింత ముచ్చటకు గిన్ని రోజులు తిరిగినవా?" అన్నాడు. మళ్ళీ తనే, "అయిన మంచిగ తెచ్చినవ్" అన్నాడు. నా చదువుకు దొరికిన మెప్పుల్లో నేను గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

పోయిన వానాకాలంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నం తిని ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు. కోరుట్ల నుంచి బిడ్డ వచ్చేసరికి పొద్దు వాలింది. మట్టి చేసేది మర్నాడు అనుకున్నారు. మర్నాడు శనివారం.

పొద్దున స్నానం చేయించడానికి ముందు పాస్టరయ్య అన్నాడు, జుట్టు పెరిగింది, కొంచెం సవరిస్తే బాగుంటుందని. వాకిట్లో అందరూ సెలూన్ అతని వైపు చూశారు. అతను అప్పటికే దుకాణం మూసి, పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం కడుక్కున్నట్టు లేదు. చిన్నమ్మ ముందుకు వచ్చి ఆగాడు.

"చిన్నమ్మా, ఇప్పుడన్న నన్ను ముట్టనియ్యు. మా బాపు తీసిన చెయ్యి నేను పెడుత."

అతని కళ్ళు చూస్తే కాదనే ధైర్యం ఎవరికీ రాదు. చిన్నమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నీ మనసు మంచిది కొడుకా. ఆయనకు గుడ ఎర్కే. అయితె ఆయన కుడిచెయ్యి ఆడ నిలబడ్డది." నన్ను చూపించింది.

"ఆడమనిషి కోసుడేంది?" అని గుంపులోంచి ఎవరో పెద్దాయన గొణిగాడు.

"ఆయన తల. ఆయన చెయ్యి. నడుమ నువ్వెవలు?" అంది చిన్నమ్మ, ఆ పెద్దాయన వైపు చూడకుండానే. తర్వాత సెలూన్ అతని వైపు తిరిగింది. "అద్దం లేకుంటె ఆయన కోసుకోడు. నువ్వు అద్దం పట్టుకో."

అతను పెట్టె కింద పెట్టాడు. గోడ మీది పెద్ద అద్దాన్ని మేకు నుంచి తీసి, కాక ముఖానికి ఎదురుగా రెండు చేతులతో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆటో అద్దాన్ని ఆయన బిడ్డ వెనక పట్టుకుంది. ఇద్దరు మనుషులు కాకను లేపి, ఆనించి కూర్చోబెట్టారు. నేను పాలపొడి డబ్బాలోంచి కత్తెర తీశాను. తలను చూడలేదు. అద్దంలో చూశాను. అద్దం వణుకుతుంటే కాక ముఖం కదిలినట్టు కనబడింది.

"జర స్థిరంగ పట్టు అన్నా," అన్నాను. అతను పంటి బిగువున పట్టుకున్నాడు.

దువ్వెన వాల్చాను. మూలలు రానివ్వలేదు. నా జీవితంలో అంత సూటి గీత మళ్ళీ గీయలేనేమో. అయ్యాక ఏం చేయాలో తోచక, ఆయన చేసుకున్నట్టే మెడ మీద రెండుసార్లు మెల్లగా తట్టాను. అడగాల్సిన మాట ఒకటి మిగిలింది. దాన్ని అడిగేవాడు లేడు. చెయ్యి మాట్లాడకూడదు.

చిన్నమ్మ దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో మొదటిసారి, తల ఎత్తి, ఆయన తలను పూర్తిగా చూసింది. ఒక చెవి మడిచింది. ఇంకో చెవి మడిచింది. గీత మీద వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నడిపింది. అప్పుడు అంది.

"చెవెన్క ఒకటి మిగిలింది."

అందరూ వంగి చూశారు. సెలూన్ అతనిది ఆ పనిలో ఆరితేరిన కన్ను. అతనూ అద్దం పక్కనుంచి తొంగి చూసి, ఏమీ లేదే అన్నట్టు నా వైపు తిరిగాడు. చిన్నమ్మ మాత్రం కాక ముఖాన్నే చూస్తోంది, ఉలిక్కిపడతాడేమోనన్నట్టు.

"ఏ చెవి చిన్నమ్మా?" అన్నాను.

"కుడి చెవి."

సెలూన్ అతనికి ఏం అర్థమైందో, అద్దాన్ని కుడి చెవి కనబడేట్టు కొంచెం పక్కకు వాల్చి పట్టుకున్నాడు. నేను చెవి మడిచి, కత్తెర తెరిచి, కస్ మని కోశాను.